ఫలక్‌నుమా, రిట్జ్: రెండు గుట్టల మీది డంగు సున్నం జ్ఞాపకాలు

పాతబస్తీ పెద్దవాళ్లను ఫలక్‌నుమా గురించి కదిలిస్తే ముందుగా మూసి ఉన్న గేటు మాటే వస్తుంది. ఇంజన్‌బౌలి మీదుగా పోయేవాళ్లు, ఫలక్‌నుమా స్టేషన్లో రైలు దిగేవాళ్లు తలెత్తి గుట్ట మీది మహల్‌ను చూసుకుంటూ పోయేవాళ్లు. లోపలికి వెళ్లే దారి లేదు. అక్కడ బస చేసిన చివరి పెద్ద అతిథిగా 1951లో వచ్చిన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌నే చెబుతారు. ఆ తర్వాత 2010 నవంబరులో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచేదాకా దాదాపు అరవై ఏళ్లు ఆ గోడలకు మనుషుల అలికిడి పెద్దగా లేదు.

నగరానికి అటువైపు, అసెంబ్లీ దగ్గర గుట్ట మీదున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ కథ దీనికి తలకిందులు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ నిజామత్ జంగ్ 1915లో తన కోసం కట్టించుకున్న రాతి భవనం అది. కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చిన మనిషి కాబట్టి బురుజులూ కోట గోడల పిట్టగోడలూ అక్కడి కాలేజీల పోకడలో పెట్టించాడు. 1929లో నిజాం ప్రభుత్వం కొన్నది. యువరాజు మొజ్జం జా, నీలోఫర్ అక్కడే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక అది రిట్జ్ హోటల్ అయింది. రిట్జ్ లాన్‌లో సాయంత్రం పూట చాయ్ తాగినవాళ్లు, అక్కడి పెళ్లి విందుల్లో భోంచేసినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. 1990లలో హోటల్ మూతపడింది. అప్పటినుంచి వానలకు నానింది, కప్పులు కూలాయి, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది.

అరవై ఏళ్లు మూసి ఉన్నది హోటలై నిలబడితే, నలభై ఏళ్లు హోటల్‌గా నడిచింది శిథిలమైంది. పాత భవనాన్ని హోటల్ చేస్తే బతికిపోతుందని చాలామంది అనుకుంటారు. దాన్ని బతికించేదీ చంపేదీ నీళ్లే. కప్పు మీది నీళ్లు, స్నానాల గది నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు. వాటికి దారి చూపించే మనిషి రోజూ అక్కడ ఉన్నాడా లేడా అన్నదే అసలు లెక్క.

ఫలక్‌నుమాకు శంకుస్థాపన జరిగింది 1884 మార్చి 3న. కట్టించినవాడు ‘పైగా’ అనే వంశపు నవాబు సర్ వికారుల్ ఉమ్రా, ఆ తర్వాత హైదరాబాద్ దివాన్ అయినవాడు. నక్షా గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషాయన. పని తొమ్మిదేళ్ల పాటు సాగింది. ఇటలీ పాలరాయి, చెక్కడపు మెట్ల దారి, నూట ఒక్కమంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, విండ్సర్ కోటలో ఉన్నట్టుగా చేయించిన గ్రంథాలయం. ఇవన్నీ ముందు భవనంలో ఉంటే, వెనక్కి గోల్ బంగ్లా, ఆడవాళ్లుండే జనానా మహల్ సాగుతాయి. పైనుంచి చూస్తే తేలు ఆకారం కనిపిస్తుందంటారు. ఖర్చు నవాబును అప్పుల్లోకి దించింది. 1897 ప్రాంతంలో మహల్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన కన్నుమూసింది కూడా ఇక్కడే. ఇల్లు నిజాంది అయినా గోడల మీద, పైకప్పుల మీద, సామాను మీద వికారుల్ ఉమ్రా పొడి అక్షరాలు వి, ఓ అలాగే ఉండిపోయాయి. తర్వాత బాగుచేసినవాళ్లూ వాటిని చెరపలేదు. ఈ మొత్తం పనిలో మెచ్చుకోదగ్గ మొదటి సంగతి ఇదే అని మా అభిప్రాయం.

మహల్‌ను బాగుచేసే ఆ పని పదేళ్లు పట్టింది. ఏడో నిజాం మనవడు ముకర్రం జా భార్యగా ఈ ఇంటికి వచ్చిన ఎస్రా యువరాణి దగ్గరుండి చూసుకున్నారు. ఆ రోజుల్లోనే చౌమహల్లా ప్యాలెస్ పని కూడా ఆమె చూపుకిందే నడిచింది. పదేళ్లా అని ఆశ్చర్యపోయేవాళ్లు సున్నంతో పనిచేసి ఎరగనివాళ్లే. ఏ గదిలో ఏం ఉండేదో తెలియడానికి పాత ఫొటోలు కావాలి. ఆ విషయంలో ఫలక్‌నుమాది అదృష్టం. ఆరో నిజాం కొలువులో ఉన్న రాజా దీన్ దయాళ్ ఈ మహల్‌ను కొత్తగా ఉన్నప్పుడే కెమెరాలో పట్టి పెట్టాడు. మామూలు దేవిడీలకు, అంటే నవాబుల పాత మేడలకు, ఆ భాగ్యం ఉండదు. అక్కడ గోడ మీది రంగు పొరల్ని సర్జన్ కత్తితో గీరి, ఒక్కొక్క పొరను కొద్దికొద్దిగా బయటపెట్టి, అట్టడుగున ఏముందో చూసుకోవాల్సిందే. అరచేయంత చోటులో ఏడెనిమిది రంగులు బయటపడటం మామూలే.

ఇక సున్నం దగ్గరికి వద్దాం. హైదరాబాద్ పాత ఇళ్లన్నీ డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవే. కాల్చిన సున్నపురాళ్లను నీళ్లున్న గుంతలోకి కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తే ఎగిరి కళ్లలో పడుతుంది. గుంత కుతకుత ఉడికి, ఒకటి రెండు రోజులకు చల్లారుతుంది. అది అక్కడే నీళ్ల అడుగున కనీసం మూడు నాలుగు వారాలు ఉండాలి, నెలలు ఉంటే మరీ మంచిది. పైన ఎప్పుడూ నాలుగు వేళ్ల నీళ్లు నిలవాలి, గాలి తగిలితే గుంతలోనే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. పూర్తిగా ఉడకని పలుకులు ఉంటే జల్లెడ పట్టాలి. తొందరపడి అలాగే పూస్తే ఆ పలుకులు గోడలో ఉండగా నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఆరు నెలలకు నున్నటి గోడ మీద రూపాయి బిళ్లంత పెచ్చులు ఊడి, మధ్యలో తెల్ల చుక్క కనిపిస్తుంది. అది చూడగానే పనివాళ్లు ఎన్నాళ్లు ఆగారో తెలిసిపోతుంది.

మాగిన సున్నానికి ఇసుక, సుర్ఖీ అనే ఇటుకపొడి కలిపి గానుగలో తిప్పాలి. తడి తగిలే గోడలకు సున్నం ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, మెత్తటి ఇటుకపొడి ఒక పాలు అని మొదలుపెట్టి, గోడ మీద మూరెడు మేర పూసి చూసుకుని సవరించుకుంటారు. పాతరోజుల్లో ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పేవి, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. రుబ్బే కొద్దీ ముద్ద వెన్నలా తాపీకి జారుతుంది. ఇందులో పోసే నీళ్లు కూడా మామూలు నీళ్లు కావు. దంచిన కరక్కాయ, బెల్లం వారం పైగా నానబెట్టి వడగట్టిన నీళ్లు. నునుపు పొరకు మినుముల జిగురు, గుడ్డు తెల్లసొన, పాలరాతి పొడి చేరతాయి. బెల్లం ఎక్కువైతే గార గట్టిపడదు, చీమలు పడతాయి. రుచి చూసి పాళ్లు చెప్పే మేస్త్రీలు ఉండేవాళ్లు.

సిమెంటు నీళ్లతో గట్టిపడితే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. అందుకు తడి ఉండాలి, గాలీ ఆడాలి. అర అంగుళం మించి ఒకేసారి పూయకూడదు. పొరకూ పొరకూ మధ్య వారం పది రోజులు గోనె పట్టలు తడిపి కట్టాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే సాయంత్రానికే జుట్టంత సన్నటి పగుళ్లు వస్తాయి. వానలు వెనకబట్టాక మొదలుపెట్టి మాఘం దాటేలోపు బయటి గోడలు ముగించుకోవాలి. అంటే ఏడాదిలో చేతికొచ్చేవి నాలుగైదు నెలలే. పదేళ్ల లెక్క ఇక్కడే తేలుతుంది.

ఈ ఓపిక లేక సిమెంటు పూసిన దేవిడీలు ఎన్ని పాడయ్యాయో! రెండడుగుల మందం గోడ నేలనుంచి తేమ పీలుస్తుంది, సున్నపు గార గుండా ఆ తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకు బయటికి దారి మూసుకుపోయి పైకి ఎక్కడం మొదలవుతుంది. మునుపు అడుగు ఎత్తులో ఆగిన చెమ్మ నడుము ఎత్తుకు వస్తుంది. తేమతో వచ్చిన ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. బయటికి చూస్తే ప్లాస్టరు గట్టిగానే ఉంటుంది, వేలితో తడితే డొల్ల శబ్దం. ప్లాస్టిక్ పెయింటు చేసేదీ ఇదే. పాత గోడకు సున్నం వెల్ల ఒక్కటే నప్పుతుంది.

ఇలాంటి భవనాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు ఎక్కాల్సింది కప్పు మీదికే. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన నాలుగంగుళాల ఇటుక కంకర, సున్నం. పాత మిద్దె అంటే ఇదే. ఆ కంకరను పనివాళ్లు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతూ, పాట అందుకుంటూ. దెబ్బకు దిమ్మిస ఎగిరి పడేదాకా కొట్టాలి. తర్వాతి కాలంలో కారినప్పుడల్లా దాని మీద ఒక పొర తారు, ఇంకో పొర సిమెంటు వేసుకుంటూ పోయారు. కారడం ఆగలేదు, దూలాల మీద బరువు మాత్రం పెరిగింది. తవ్వి చూస్తే ఆరేడు అంగుళాల అనవసరపు మందం కనిపించిన కప్పులున్నాయి. ముందు ఆ బరువు దించాలి, అదీ రెండు వైపుల నుంచీ సమానంగా. ఒకవైపే దించితే, కింద కమాను ఉన్నచోట అది పక్కకు తన్నుతుంది.

కప్పు మీది నీళ్ల లెక్క చాలామంది వేసుకోరు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 2020 అక్టోబరు నడుమ ఒక్క రోజులో నగరంలో 190 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. రెండు వందల చదరపు మీటర్ల కప్పు మీద అది 38,000 లీటర్లు. అన్ని నీళ్లూ పోవడానికి పాత తూములు రెండే ఉండి, అందులో ఒకటి పావురాల పీచుతో పూడితే చాలు, చజ్జా మీంచి పొంగి గోడ నడుముకు దిగుతాయి. వంద అంగుళాలకు అంగుళంన్నర వాలు, తూము నోటికి జాలీ, అది పూడినా నీళ్లు బయటికి దూకడానికి పిట్టగోడలో ఒక కన్నం. ఈ మూడూ లేని కప్పు కింద ఎంత ఖరీదైన తివాచీ పరిచినా దండగే.

దూలాల సంగతి పైకి కనబడదు. నడిమి భాగం నిక్షేపంగా ఉంటుంది, గోడలోకి దూరిన జానెడు కొస పుచ్చిపోతుంది. ఆరెతో, అంటే మొనదేలిన ఇనుప సూదితో పొడిచి చూడాలి. మంచి టేకు పావు అంగుళం కూడా దిగనివ్వదు, పుచ్చిన కొసలోకి మూడంగుళాలు సులువుగా పోతుంది. చిన్న సుత్తితో తడితే కంగుమనాలి, బుసుక్కుమంటే లోపల చెదలు. దూలం మొత్తం మార్చాల్సిన పని లేదు. పుచ్చిన మేర కోసేసి, పాత టేకునే ఏటవాలుగా అతికి, తుప్పు పట్టని ఉక్కు పట్టీ లోపల పెట్టి బోల్టులు బిగిస్తారు. మళ్లీ గోడలో పెట్టేటప్పుడు కొస చుట్టూ వేలెడు సందు వదలాలి. సున్నంతో చుట్టూ పూడ్చేస్తే గాలాడక పదేళ్లకు మళ్లీ అదే పని.

హోటల్ చేసేవాళ్లకు అసలు పరీక్ష స్నానాల గదులు. పాత మహళ్లలో గదికో స్నానాల గది అనే ఆలోచనే లేదు. అరవై గదుల హోటల్ అంటే అరవై చోట్ల నీళ్లు. నాలుగంగుళాల మురుగు పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. పైపులు కిందికి దిగే షాఫ్టు పన్నెండు అడుగుల దూరంలో ఉంటే వాలుకే మూడున్నర అంగుళాలు పోతాయి. పైపు మందం, నీళ్లు దిగకుండా వేసే పొర, పైన రాయి కలిపితే నేల పది అంగుళాలు లేస్తుంది. పాత కప్పును తొలిచి పైపు దించుదామనుకున్నవాళ్లు కింది గది మీది గారపనిని పోగొట్టుకున్నారు. పది అంగుళాలు ఇటుక ముక్కలతో నింపితే చదరపు మీటరుకు నాలుగు వందల కిలోలు దాటుతుంది, నూరేళ్ల దూలం మోయలేదు. అందుకే ఉక్కు చట్రం, దాని మీద సిమెంటు బోర్డు, కింద ఖాళీ. గోడకు వేలాడే కమోడ్ పెడితే దాని పైపు నేలకు పైనుంచే వెనక్కి పోతుంది కాబట్టి కొన్ని అంగుళాలు మిగులుతాయి. షాఫ్టు కోసం పాత గోడను తొలవకూడదు. వెనక వసారా మూలలో, కంటికి ఆనని చోట విడిగా లేపుకోవాలి.

స్నానాల గది గోడలు కూడా పాత గోడను ముట్టుకోకూడదు. గదిలో ఇంకో పెట్టె పెట్టినట్టు, నాలుగంగుళాలు ఎడంగా కొత్త గోడ నిలబెట్టి పైపులన్నీ అందులో నడపాలి. ఎప్పుడైనా కారితే ఆ సందులో కారుతుంది, తలుపు తీసి చూడొచ్చు. నీళ్లు దిగని పొరను నేల నుంచి అడుగు ఎత్తు గోడల మీదికి మడవాలి. రాయి పరిచే ముందు తూము బిగించి రెండంగుళాల నీళ్లు పోసి 48 గంటలు నిలబెట్టాలి. ఒక్క రాత్రితో సరిపెట్టుకున్నచోట తర్వాత రాయి పగలగొట్టాల్సి వస్తుంది. స్నానపు తొట్టి బరువూ చూసుకోవాలి. పోత ఇనుపది 120 కిలోలు, నీళ్లు 250, మనిషి ఒక 80. మొత్తం 450 కిలోలు నాలుగు కాళ్ల మీద. కింద దూలం ఎటు పోతోందో తెలుసుకోకుండా తొట్టిని కిటికీ దగ్గర అందంగా ఉందని పెట్టేయకూడదు.

ఏసీ ఇంకో రకం ముప్పు. ఇరవై అడుగుల ఎత్తు గదులు, మందపు గోడలు, పైన వెంటిలేటర్లు వేడిగాలిని పైనుంచే పంపేసేవి. ఏసీ పెట్టగానే చల్లదనం పోతుందని వెంటిలేటర్లు మూసేస్తారు. తేమ కప్పు కింద చిక్కుకుని, బొమ్మలు వేసిన సీలింగు మీద నల్ల బూజు చుక్కలు మొదలవుతాయి. శ్రావణం, భాద్రపదాల్లో గదిని మరీ చల్లబరిచి వసారా తలుపు తెరిస్తే గోడ చెమర్చడం కంటికే కనిపిస్తుంది. చల్లగాలి మనిషి ఎత్తులోనే తిరగాలి. చల్లగాలిని తెచ్చే డక్టు అల్మారా వెనకో, లేపిన నేల కిందో పోవాలి. గదిని 24 డిగ్రీల దగ్గర ఉంచితే గోడకూ మేలు, అతిథికీ మేలు. ఏసీ నీళ్లు పోయే సన్నపైపును నెలకోసారి ఊది శుభ్రం చేయకపోతే గోడ మీద పసుపు మరక దిగుతుంది. హోటల్లో వచ్చే మరకల్లో చాలావరకు దాని వల్లే.

ఝుమ్మర్ల, అంటే పైకప్పుకు వేలాడే గాజు దీపాల గుత్తుల పని చూడటం ఒక ముచ్చట. దింపే ముందు నాలుగు వైపులా ఫొటో, ప్రతి కొమ్మకూ చిన్న చీటీ, ప్రతి వరసకూ వేరే ట్రే. స్ఫటికాల్ని గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి, తొట్టి అడుగున తువ్వాలు పరిచి కడుగుతారు. జారినా పగలదు. స్ఫటికాన్ని స్ఫటికానికి తగిలించే పిన్ను గడ్డిపరక అంత సన్నగా ఉంటుంది. ఎప్పుడో ఎవరో ఇనుప తీగ చుట్టి ఉంటే తుప్పు గాజు బెజ్జంలోకి ఎక్కి దాన్ని చీలుస్తుంది. వాటినన్నిటినీ తీసి ఇత్తడివి వేయాలి. తిరిగి ఎక్కించే ముందు కొక్కేనికి ఝుమ్మరు బరువుకు రెండింతల ఇసుక బస్తాలు ఒక రోజంతా వేలాడదీసి చూస్తారు. కొక్కెం పట్టుకున్నది కూడా టేకు దూలాన్నే మరి.

పాలరాతి మెట్ల దగ్గర చెప్పేది ఒక్కటే: యాసిడ్ దగ్గరికి రానీయకండి. నిమ్మరసం పడినా మెరుపు పోతుంది. మరక పడితే ముల్తానీ మట్టి ముద్ద చేసి పట్టు వేసి, ప్లాస్టిక్ కప్పి, ఒక రోజు ఉంచి తీయాలి. మట్టి ఆరుతూ మరకను పీల్చుకుంటుంది. పాలిషు మిషను పెడితే నూరేళ్ల అరుగుదల పోతుంది, చెక్కడపు అంచులూ పోతాయి.

రిట్జ్ లాంటి చోట పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, రంగులూ ఫర్నిచరూ పక్కన పెట్టమంటాం. ముందు కూలబోయే కమానుల కింద దన్ను పెట్టాలి, తెరుచుకున్న కప్పు మీద రేకులు వేయాలి. పడిపోయిన రాళ్లకు నంబర్లు వేసి అక్కడే పేర్చాలి, చెత్తతో పాటు లారీ ఎక్కనీయకూడదు. పిట్టగోడల్లో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని లాగొద్దు. వేరుతో పాటు గోడ రాళ్లు ఊడివస్తాయి. మొదలంటా కోసి, కాండంలో బెజ్జాలు వేసి మందు పోసి, వేరు చచ్చి ఎండిపోయాక ఆ ఖాళీలో పల్చటి సున్నం పోయాలి. ఒక వానాకాలం అలా గడిపి, నీళ్లు ఎటు పోతున్నాయో రాసి పెట్టుకుంటే రెండో ఏడాది నుంచి అసలు పని. చేతులు లేవనే మాట ఇప్పుడు చెల్లదు. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు చేయించిన పనిలో పదేళ్లు డంగు సున్నం రుబ్బిన మేస్త్రీలు, రాయి చెక్కినవాళ్లు ఈ నగరంలోనే ఉన్నారు. వాళ్లను పిలిచేవాళ్లు కావాలి, వాళ్ల సున్నం మాగేదాకా బిల్లు ఆపకుండా ఆగగలిగేవాళ్లు కావాలి.